లావు చిట్టెలుక కదలక లావైందా, లావై కదలడం లేదా?

అనంత_విద్యార్థిని (అనంతపురం)

అందరికీ నమస్కారం. అనంతపురంలో జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ ఫిజియాలజీ తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారని మా సీనియర్ అక్క చెబితే వచ్చాను. నా పని ఏమిటంటే, సన్నగా ఉన్న చిట్టెలుకలూ కొవ్వు మేత తిని లావెక్కిన చిట్టెలుకలూ రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తాయి, అందులో కదలికల వాటా ఎంత అని తేల్చడం. అన్నీ ల్యాబుల్లో మామూలుగా వాడే సి57 బ్లాక్ 6 రకం మగవే. ఒక గుంపుకు మామూలు మేత, ఇంకో గుంపుకు క్యాలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే వచ్చే మేత. అదే ఆ నీలం రంగు బిళ్లలు, పట్టుకుంటే చేతికి జిడ్డు, బయట పెడితే మెత్తబడిపోతాయి. ఒక్కొక్క దాన్నీ విడి బోనులో పెట్టి, లోపలికి పోయే గాలిలోనూ బయటికొచ్చే గాలిలోనూ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతెంత ఉన్నాయో కొలుస్తాం, ఆ తేడాను బట్టే ఎలుక ఖర్చు చేసిన శక్తి లెక్క కడతాం. బోను చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు ఉంటాయి, ఎలుక అడ్డం పోయినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది.

ఆక్సిజన్ లెక్కను ఎలుక బరువుతో భాగిస్తే లావు గుంపుది బాగా తక్కువ వస్తోంది. కిరణాల లెక్క కూడా తక్కువే, రాత్రిపూట మరీ తక్కువ. ల్యాబ్‌లో అందరూ "బద్ధకం ఎలుకలు, కదలవు, ఖర్చు తక్కువ, అందుకే లావయ్యాయి, రాసేయ్" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. త్వరలో సార్ ముందు చెప్పాలి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చూపండి.

కడప_కండ (కడప)

ఇందులో ఆలోచించేదేముంది చెల్లెమ్మా. నేను కడపలో జిమ్ నడుపుతాను, రోజూ చూసేది ఇదే. కదలని మనిషి లావవుతాడు, ఎలుకైనా అంతే. తక్కువ కదిలాయని నీ మిషన్ చూపిస్తోంది, తక్కువ ఖర్చు అనీ చూపిస్తోంది, ఇంకేం కావాలి? బోనులో ఒక చక్రం పెట్టి చూడు, పరిగెత్తితే అవే తగ్గుతాయి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

రాసేయొద్దమ్మా. కర్నూలులో చాలా ఏళ్లు ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను, ఈ బరువుతో భాగించే అలవాటు ఎంతమంది థీసిస్‌లను చెడగొట్టిందో చూశాను కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నా.

ఉదాహరణకు సన్న ఎలుక 25 గ్రాములు, రోజుకు 10 కిలోక్యాలరీలు ఖర్చు పెట్టింది అనుకో. లావుది 45 గ్రాములు, 13 కిలోక్యాలరీలు అనుకో. బరువుతో భాగిస్తే మొదటిదానికి గ్రాముకు 0.40, రెండోదానికి 0.29. చూడగానే లావుది పొదుపుగా బతుకుతోంది అనిపిస్తుంది. కానీ మొత్తంగా చూస్తే ఎక్కువ ఖర్చు పెడుతున్నది లావుదే కదా! ఎక్కువైన ఆ 20 గ్రాముల్లో అధిక భాగం కొవ్వు, కొవ్వు కణజాలం గ్రాముకు వాడే ఆక్సిజన్ కాలేయం, గుండె, కండరాలు వాడేదాంతో పోలిస్తే చాలా తక్కువ. ఆ కొవ్వునంతా హారంలో వేసి భాగిస్తే జవాబు తగ్గక ఏమవుతుంది? ఎలుక మారలేదు, హారం పెరిగింది, అంతే.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 2010లో బట్లర్, కోజాక్ అనే ఇద్దరు డయాబెటిస్ పత్రికలో ఈ పొరపాటు పదే పదే జరుగుతోందని సూటిగా రాశారు. 2012లో నేచర్ మెథడ్స్‌లో చిట్టెలుకల శక్తి లెక్కలు ఎలా చేయాలో మార్గదర్శకమే వచ్చింది. వాళ్లు చెప్పేది ఒకటే, భాగించొద్దు, ఒక్కో ఎలుక మొత్తం ఖర్చును దాని శరీర బరువుతో, కుదిరితే కొవ్వు కాని బరువుతో గ్రాఫ్ వేసి కోవేరియన్స్ విశ్లేషణ, అంటే బరువు తేడాను లెక్కలోకి తీసుకుని గుంపులను పోల్చే పద్ధతి, చేయండి అని. కాబట్టి ముందు ఆ పని చెయ్యి. ఒక్కో ఎలుకకు ఒక్కో చుక్క. రెండు గుంపుల చుక్కలూ ఒకే గీత మీదకు వచ్చాయంటే "ఖర్చు తక్కువ" అనే మాటకు ఆధారమే లేదు.

కడప తమ్ముడూ, కదలికల సంగతి వేరే, దానికి తర్వాత వస్తా.

అనంత_విద్యార్థిని (అనంతపురం)

మేడమ్, చాలా చాలా థ్యాంక్స్. భాగించకుండా మొత్తం ఖర్చు వేసి చూస్తే లావు గుంపే పైన ఉంది. మా దగ్గర కొవ్వు, కండ విడివిడిగా కొలిచే మిషన్ లేదు, చివర్లో కొవ్వు గడ్డలు తీసి తూచడమే. దాంతో సరిపెట్టుకోవచ్చా?

మరి కదలికలు తక్కువ ఉన్నమాట నిజమే కదా, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

బురుజు_నీడ (కర్నూలు, ప్రస్తుతం బెంగళూరు)

కొవ్వు గడ్డలు తూచినవి వాడుకోవచ్చు, ఏయే గడ్డలు తీశారో రాయాలి, అంతే. రెండు గుంపుల్లోనూ అవే తీయాలి.

కదలికల గురించి నేను చెప్తా, ఎందుకంటే నేను పనిచేసేది మెదడు మీద. 2017లో సెల్ మెటబాలిజం అనే పత్రికలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ల పేపర్ ఒకటి వచ్చింది, మొదటి రచయిత ఫ్రెండ్, ల్యాబ్ క్రావిట్జ్‌ది. కొవ్వు మేతతో లావైన చిట్టెలుకల మెదడులో స్ట్రయేటమ్ అనే చోట, డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టర్ల పని తగ్గిందని చూపించారు. శరీరాన్ని కదిలించే ఆదేశాలు సాగే దారి అది. అంటే ఆ ఎలుక కూర్చుండిపోవడానికి ఒంటి బరువొక్కటే కారణం కాదు, కదలమని చెప్పే మెదడే మందగించింది. ఆ నాడీకణాల్లో తగ్గిన సంకేతాన్ని వేరే పద్ధతిలో తిరిగి ఇస్తే లావు ఎలుకలు మళ్లీ కదిలాయి, బరువు తగ్గకుండానే.

నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే భాగం. సన్న ఎలుకల్లోనే ఆ కణాల నుంచి డీ2 రిసెప్టర్ తీసేశారు. అవి పుట్టుకతోనే తక్కువ కదిలేవి అన్నమాట. వాటికి కొవ్వు మేత పెడితే మిగతావాటి కంటే ఎక్కువ లావవ్వాలి కదా, బద్ధకమే కారణమైతే? కాలేదు. మిగతావాటితో సమానంగానే పెరిగాయి. కాబట్టి కదలకపోవడం లావు వెంట వచ్చింది, లావును తెచ్చింది కాదు. మీ ల్యాబ్‌వాళ్లు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నారు.

కడప_కండ (కడప)

బురుజు అన్నా, అదంతా మెదడులో కోసి చేసిన పని. చక్రం ఇస్తే ఎలుక పరిగెత్తుతుందా లేదా అది చెప్పు.

బురుజు_నీడ (కర్నూలు, ప్రస్తుతం బెంగళూరు)

పరిగెత్తుతుంది తమ్ముడూ, బాగా పరిగెత్తుతుంది. సన్న సి57 బ్లాక్ 6 ఎలుకకు చక్రం ఇస్తే ఒక్క రాత్రిలో కిలోమీటర్ల కొద్దీ పరిగెత్తడం మామూలే. బోనులో విసుగెత్తి చేస్తుందేమో అని చాలామందికి అనుమానం ఉండేది. 2014లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు బయట చెట్లూ పొదలూ ఉన్నచోట చక్రాలు పెట్టి కెమెరా బిగిస్తే, అడవి చిట్టెలుకలు తమంతట తామే వచ్చి ఎక్కి పరిగెత్తి పోయేవి. కప్పలు కూడా ఎక్కాయి.

చక్రం ఉన్న ఎలుకలు కొవ్వు మేత మీద కాస్త తక్కువ లావవుతాయి, అదీ నిజమే. కానీ పరిగెత్తిన ఎలుక ఎక్కువ తింటుంది కూడా. ఒకసారి బాగా లావెక్కిన ఎలుకకు చక్రం ఇస్తే సన్నదాని అంత దూరం పోదు. చక్రం అనేది మందు అనుకో, జబ్బు ముదిరాక ఇస్తే ఎలుక ఆ మందే సరిగ్గా తీసుకోదు.

చెనక్కాయ_చేను (అనంతపురం జిల్లా)

నాకు సైన్సు తెలీదు, మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దండి. నాకు షుగర్ ఉంది, పొట్ట ఉంది, డాక్టర్ గారు పొద్దున్నే నడవమన్నారు, నడుస్తున్నా. మీరు రాసింది చదివితే నడిచేది దండగ అనిపిస్తోంది. నిజంగానా? మా జేజి ఎనభై దాటినా చేలో కలుపు తీసేది, రాగి సంకటి పెద్ద ముద్ద తినేది, ఒంటి మీద గోరంత కొవ్వు ఉండేది కాదు. దానికేం చెప్తారు?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

దండగ కాదు నాయనా, నడక ఆపొద్దు. నడిస్తే కండరం రక్తంలోంచి చక్కెరను లాక్కుంటుంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది, బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఆ లాభం ఉంటుంది. ఇక్కడ మేం మాట్లాడుతున్నది వేరే ప్రశ్న, లావెక్కడానికి మొదటి కారణం ఏది అని.

మీ జేజి లాంటివాళ్ల గురించి మన దేశంలోనే పాత పరిశోధన ఒకటి ఉంది. 1956లో జాన్ మేయర్ బృందం పశ్చిమ బెంగాల్‌లో జనపనార మిల్లు చుట్టూ పనిచేసేవాళ్లను చూసింది. బరువులెత్తేవాళ్లు ఎక్కువ తిన్నారు, సన్నగా ఉన్నారు. పని తగ్గేకొద్దీ తిండీ తగ్గుతూ వచ్చింది. కానీ అసలు కదలకుండా కూర్చునేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తిండి తగ్గకపోగా మళ్లీ పెరిగింది, వాళ్లే లావుగా ఉన్నారు. అంటే కొంత కదలిక ఉంటేనే ఆకలి లెక్క తప్పకుండా ఉంటుందని ఆయన అభిప్రాయం. మీ జేజి పని చేసింది, ఆ పనికి తగ్గట్టే తినింది.

మరో వైపు, 2012లో పాంట్జర్ బృందం టాంజానియాలో వేటాడి బతికే హడ్జా జనాన్ని కొలిస్తే, రోజంతా తిరిగే వాళ్ల మొత్తం ఖర్చు, ఒంటి సైజును లెక్కలోకి తీసుకున్నాక, పట్నాల్లో కూర్చునేవాళ్ల ఖర్చుతో దాదాపు సమానంగా వచ్చింది. శరీరం ఒకచోట ఖర్చు పెరిగితే ఇంకోచోట పొదుపు చేస్తుందన్నమాట. చిట్టెలుకల్లోనూ ఈ సర్దుబాటు ఉంది, కానీ అక్కడ కారణం వేరు, అది చలి. అనంతపురం అమ్మాయికి అసలు చెప్పాల్సింది అదే. అమ్మా, మీ గది ఎంత చల్లగా ఉంటుంది?

అనంత_విద్యార్థిని (అనంతపురం)

ఏసీ 22 డిగ్రీల మీద పెడతాం మేడమ్. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి జనరేటర్ మిషన్లకు మాత్రమే పనిచేసింది, ఏసీకి కాదు. బయట 42 డిగ్రీలు, గది నిదానంగా 29 దాకా పోయింది. ఆ గంటల్లో అన్ని ఎలుకల ఆక్సిజన్ గీత కిందికి జారిపోయింది, ఏసీ వచ్చాక మళ్లీ పైకి లేచింది. నేను ఆ రోజు డేటా పనికిరాదని పక్కన పెట్టేశాను. కిరణాల లెక్కలో మాత్రం పెద్ద తేడా లేదు, అది మధ్యాహ్నం కాబట్టి ఎలాగూ నిద్రలోనే ఉంటాయి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

ఆ డేటాను పారేయకు తల్లీ! నీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైన గీత అదే కావచ్చు.

చూడు, మనకు 22 డిగ్రీలు హాయి. చిట్టెలుకకు అది చలి. బట్టలు లేవు, ఒళ్లు చిన్నది, లోపలి పరిమాణంతో పోలిస్తే చర్మం ఎక్కువ, వేడి ఊరికే పోతుంది. దానికి హాయిగా ఉండే వేడి 30 డిగ్రీల దగ్గర. 22 దగ్గర పెట్టామంటే అది రోజు మొత్తంలో ఖర్చు పెట్టే శక్తిలో మూడో వంతు నుంచి సగం దాకా ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది. మెడ వెనక, భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వు ఆ పని చేస్తుంది. అందుకే ఏసీ పోగానే ఖర్చు పడిపోయింది, వెచ్చబెట్టుకునే అవసరం తగ్గింది.

ఇప్పుడు కదలికను ఇందులో పెట్టి చూడు. ఎలుక పరిగెత్తితే కండరాల్లో వేడి పుడుతుంది. చలిగదిలో ఆ వేడి వృథా కాదు, గోధుమరంగు కొవ్వు పుట్టించాల్సిన వేడిలో కొంత దీంతో సరిపోతుంది, అది ఆ మేరకు పని తగ్గించుకుంటుంది. కదలికకు ఖర్చయిందంతా రోజు మొత్తం మీద కలిసినట్టు కనపడదు. 2012లో వర్చ్యూ, ఈవెన్, విడాల్ పూయిగ్ సెల్ మెటబాలిజంలో ఇదే వాదించారు, హాయి ఉష్ణోగ్రత కంటే కింద ఉంచిన ఎలుకల్లో గుంపుకూ గుంపుకూ మొత్తం ఖర్చులో వచ్చే తేడాకు కదలికల తేడా కారణం కాదని. కాబట్టి 22 డిగ్రీల గదిలో తీసిన నీ లెక్కలతో "కదలక ఖర్చు తగ్గింది" అని చెప్పడం రెండు రకాలుగా తప్పవుతుంది. ఖర్చు తగ్గలేదు. తగ్గినా కదలికే కారణమని ఆ గదిలో తేల్చలేం.

కడప_కండ (కడప)

ఇది బాగుంది మేడమ్, ఇప్పుడు అర్థమైంది. అయితే మన కడప ఎండల్లో ఏసీ లేకుండా పెడితే ఎలుకలో నిజమైన కదలిక ఖర్చు కనబడుతుందన్నమాట. ఇంకొకటి, లావు ఎలుకకు కొవ్వు దుప్పటిలా ఉంటుంది కదా, దానికి చలి తక్కువ వేయాలి, వెచ్చబెట్టుకునే ఖర్చు కూడా తక్కువ ఉండాలి?

బురుజు_నీడ (కర్నూలు, ప్రస్తుతం బెంగళూరు)

అందరూ అలాగే అనుకున్నారు తమ్ముడూ. స్టాక్‌హోమ్‌లో నెడర్‌గార్డ్, క్యానన్ వాళ్ల బృందం 2016లో అదే పరీక్షించింది. గది చల్లబరుస్తూ పోతే సన్న ఎలుకకూ లావు ఎలుకకూ ఖర్చు ఎంతెంత పెరుగుతుందో చూశారు, కొవ్వు దుప్పటి పనిచేస్తున్నట్టు కనిపించలేదు. చిట్టెలుకలో కొవ్వు ఎక్కువగా పొట్టలోనూ కొన్ని గడ్డలుగానూ చేరుతుంది, వేడిని ఆపేది ప్రధానంగా బొచ్చు. అందుకని ఆ లెక్క నమ్మొద్దు.

కడప ఎండల్లో ఏసీ తీసేయడం మాత్రం వద్దు. 30 దాటి 35 వైపు పోతే ఎలుకకు వేరే ఇబ్బంది, ఒళ్లు చల్లబరుచుకోలేదు, చెమట పట్టదు, చచ్చిపోతుంది కూడా. కావాల్సింది 30 దగ్గర కదలకుండా ఉండే గది.

అనంత_విద్యార్థిని (అనంతపురం)

ఇంకో ప్రశ్న. ఒక్కో కదలికకు ఎంత ఖర్చు అవుతుందో నేను లెక్కగట్టొచ్చా? లావు ఎలుక బరువు మోసుకుంటూ నడుస్తుంది కాబట్టి ఒక్కో అడుగుకు దానికి ఎక్కువ పడాలి కదా. నేను గంటల తరబడి బోను ముందు కూర్చుని చూశాను, లావుది లేవాలంటే ముందు కాళ్లు కొంచెం జరిపి, ఒళ్లంతా ముందుకు ఊపి అప్పుడు లేస్తుంది, తిండి దగ్గరికి పోయి అక్కడే కూలబడి తింటుంది. సన్నదైతే మేత బుట్ట పట్టుకుని వేలాడి, తలకిందులుగా కూడా తింటుంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

మంచి ప్రశ్న, నువ్వు చూసింది కూడా రాసిపెట్టుకో. మీ మిషన్ కొన్ని నిమిషాలకొకసారి ఒక లెక్క ఇస్తుంది కదా. ఒక్కో ఎలుకకు ఆ చిన్న చిన్న గడియల కదలికను అడ్డగీత మీద, ఖర్చును నిలువుగీత మీద పెట్టు. కదలిక సున్నా ఉన్నచోట ఖర్చు ఎంతో అది విశ్రాంతి ఖర్చు. గీత ఎంత నిటారుగా లేస్తుందో అది ఒక్కో కదలికకు పడే ఖర్చు. లావు ఎలుకలో గీత కాస్త నిటారుగా ఉండొచ్చు, కానీ కదలికలు తక్కువ, రెండూ కలిపితే రోజు మొత్తం మీద కదలికకు పోయింది రెండు గుంపుల్లోనూ దగ్గర దగ్గరగా రావచ్చు. వస్తుందో రాదో నీ డేటానే చెప్పాలి.

జాగ్రత్తలు కొన్ని. ఎలుక కదిలిన క్షణానే గాలిలో తేడా రాదు, బోనులో గాలి మారడానికి టైమ్ పడుతుంది, ఆ ఆలస్యాన్ని సర్దకపోతే గీత పడుకున్నట్టు వస్తుంది. ఎలుకలు తిరిగేదీ తినేదీ రాత్రే, తిన్నది అరగడానికి అయ్యే ఖర్చు కూడా కదలిక ఖాతాలో పడిపోతుంది. కొత్త బోనులో మొదటి రోజు ఒట్టి కంగారు, తిండి మానేస్తుంది, అటూ ఇటూ తిరుగుతుంది, ఆ రోజు లెక్క వద్దు. నీలం మేత పొడిగా రాలి బోనులో పరిచిన గడ్డిలో కలిసిపోతుంది, దాన్ని ఏరి తూచకపోతే తిన్నదానికంటే ఎక్కువ తిన్నట్టు వస్తుంది.

చెనక్కాయ_చేను (అనంతపురం జిల్లా)

మేడమ్, మనిషి విషయం ఒక్కమాట చెప్పండి. మనకు కూడా లావయ్యాకే కదలిక తగ్గుతుందా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

మనుషుల్లో అంత తేలిగ్గా తేలదు. 2005లో లెవీన్ బృందం సైన్స్ పత్రికలో రాసింది ఒకటి ఉంది. కూర్చుని పనిచేసే మనుషులనే తీసుకుని నిలబడేదీ కూర్చునేదీ కొలిస్తే, లావుగా ఉన్నవాళ్లు సన్నవాళ్ల కంటే రోజుకు రెండు గంటలకు పైగా ఎక్కువ కూర్చున్నారు. కానీ లావువాళ్లు బరువు తగ్గాక, సన్నవాళ్లు బరువు పెరిగాక కూడా వాళ్ల వాళ్ల కూర్చునే అలవాటు మారలేదు. అంటే చిట్టెలుకలో చూసినదానికి భిన్నంగా ఉంది. పైగా మనం బట్టలేసుకుని హాయిగా ఉండే వేడిలోనే బతుకుతాం కాబట్టి, మన కదలిక ఖర్చును చలి మింగేయదు. చిట్టెలుక లెక్కను మన మీద, మన లెక్కను దాని మీద రుద్దకూడదు. మీరు మాత్రం నడవండి, షుగర్ రిపోర్ట్ చూపించుకోండి, బరువు మిషన్ చూసి నిరుత్సాహపడొద్దు.

పెన్నా_ఇసుక (కడప)

చాలాసేపటి నుంచి చదువుతున్నా. చెల్లెమ్మా, అన్ని ఎలుకల్నీ మేత పెట్టే లావు చేయక్కర్లేదు. కొవ్వు నుంచి వచ్చి ఆకలిని అదుపు చేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను పుట్టించలేని ఓబీ ఓబీ అనే రకం చిట్టెలుక 1949లో అమెరికాలోని జాక్సన్ ల్యాబ్‌లో బయటపడింది, ఆ జన్యువును 1994లో ఫ్రీడ్‌మన్ ల్యాబ్ పట్టుకుంది. అది ఎప్పుడూ తింటూనే ఉంటుంది, కదలదు, ఒంటి వేడి కూడా తక్కువ. లెప్టిన్ ఇస్తే తిండి తగ్గుతుంది, కదలిక పెరుగుతుంది. రెండు రకాల లావును పక్కపక్కన చర్చించు. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో కూడా పుట్టుకతో లావయ్యే డబ్ల్యూఎన్‌ఐఎన్ ఓబీ అనే ఎలుకల జాతి ఉంది, అవి చిట్టెలుకలు కావు, పెద్ద ఎలుకలు. వాటి పేపర్లు కూడా చదువు.

అనంత_విద్యార్థిని (అనంతపురం)

అందరికీ నమస్కారాలు. సార్‌తో మాట్లాడాను. కొవ్వు గడ్డల బరువు తీసేసి మిగిలిన బరువుతో గ్రాఫ్ వేసి చూపించాను, రెండు గుంపుల చుక్కలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. "బద్ధకం" అనే మాట రిపోర్ట్‌లోంచి సార్ తనే కొట్టేశారు. కరెంటు పోయిన మధ్యాహ్నం గీత చూసి చాలాసేపు ఆలోచించి, 30 డిగ్రీల గదిలో మళ్లీ కొలుద్దాం, జంతు నైతిక కమిటీకి సవరణ అర్జీ రాయమన్నారు. రాస్తున్నాను. ఒక్క సందేహం, గూడు కట్టుకోవడానికి కాగితం ముక్కలు వేయొచ్చా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

వెయ్యి, కానీ రెండు గుంపులకూ తూచి సమానంగా వెయ్యి. గూడు కట్టుకున్న ఎలుకకు 22 డిగ్రీలు కూడా 22 కాదు. 30లో కొలిచేటప్పుడు కొత్త వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు లెక్క మొదలుపెట్టు. అర్జీలో ఏసీకి కూడా జనరేటర్ కలపమని రాయడం మర్చిపోకు.